నాలుగో నంబరు సీసా

ఏం పని చేస్తారండీ అని ఎవరైనా అడిగితే సీసాల బాబాయి "పరిశోధన" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. నాలుగంతస్తుల పరిశోధనశాలలో, మూడో అంతస్తు చివరి గదిలో, రెండు సింకుల మధ్య నిలబడి ఇరవై రెండేళ్లుగా అతను గాజుసామాను కడుగుతున్నాడు. బాబాయి కడిగిన సీసా లేకుండా అక్కడ ఎవరికీ డాక్టరేటు రాలేదు. కడగడమంటే మామూలు కడగడం అనుకునేరు. ముందు వేడినీళ్లు, ఆ తరువాత సబ్బు, ఆ తరువాత పంపునీళ్లు ఏడుసార్లు, ఆపైన శుద్ధి చేసిన నీళ్లు మూడుసార్లు. అంతా అయ్యాక సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసుకుని చూసేవాడు. లోపల ఒక్క బొట్టు అంటుకుని కనిపించినా మళ్లీ మొదటినుంచీ మొదలు. కొత్తగా చేరిన విద్యార్థులకు పరిశోధన నడిపే పెద్ద మేడమంటే గౌరవం, బాబాయంటే భయం.

ఇంట్లో మాత్రం ఈ పప్పులేవీ ఉడికేవి కావు. అక్కడ పదిమంది సీసాలు కడిగే మనిషి ఇక్కడ తను తాగిన గ్లాసు తీసి సింకులో వేయడని భార్య వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వించేది. బాబాయి కూడా నవ్వేవాడు. గ్లాసు మాత్రం కుర్చీ పక్కనే ఉండేది.

రెండేళ్ల కిందట పెద్ద మేడం సముద్రపు నాచు మీద పని మొదలుపెట్టింది. గోనెసంచుల నిండా ఎండిన గోధుమరంగు నాచు దిగింది. దాన్ని నానబెట్టి, ముక్కలు చేసి, ఏదో మంచి రకం బాక్టీరియాను కలిపి, వెచ్చటి గదిలో రోజుల తరబడి పులియబెట్టేవాళ్లు. తరువాత వడగట్టి సీసాల్లో పోసేవాళ్లు. ఆ వాసన సంగతి చెప్పకపోవడమే మంచిది. ఇంటికెళ్లిన బాబాయిని భార్య గుమ్మం దగ్గరే ఆపి, చొక్కా అక్కడే విప్పించి, నేరుగా స్నానాలగదిలోకి తోలేది.

బాబాయి చదివింది పదో తరగతే అయినా చెవులు మాత్రం చురుకు. ఒకరోజు భోజనాల వేళ ఉండబట్టలేక, ఈ కంపంతా ఎందుకమ్మా అని మేడంనే అడిగేశాడు. ఆమె విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పింది. మన ఒంట్లో కాపలా కణాలు ఉంటాయట. దెబ్బ తగిలినా, క్రిమి దూరినా అవి కేకలు పెడతాయి. ఆ కేకలకే ఒంట్లో సైన్యమంతా అక్కడికి పరుగెత్తుకొస్తుంది, చోటు ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. దొంగ పోయాక ఊరుకుంటే పేచీ లేదు. కొందరి ఒంట్లో దొంగ లేకపోయినా కేకలు ఆగవు, కాపలావాళ్లే ఇంటివాళ్లను చితకబాదుతారు. నాచులో ఉండే పెద్దపెద్ద పదార్థాలను పులిసేటప్పుడు బాక్టీరియా చిన్న ముక్కలుగా తెంపుతుంది. ఆ ముక్కల్లో కొన్నింటిని గాజు పళ్లెంలో పెంచిన కాపలా కణాల మీద వేస్తే వాటి కేకలు తగ్గుతున్నట్టుంది. ఏ ముక్క తగ్గిస్తోంది, ఎన్ని రోజులు పులియబెడితే ఎక్కువ తగ్గుతోంది, అదీ వాళ్ల వెతుకులాట.

బాబాయి తల ఊపుతూ అంతా విన్నాడు. "పళ్లెంలో పెంచిన" అన్న మాట ఒక్కటీ ఏ చెవినుంచి ఎటు పోయిందో తెలియదు. వాపు తగ్గుతుంది అన్నది మాత్రం మెదడులో మేకు దిగ్గొట్టుకుని కూర్చుంది. ఎందుకు కూర్చోదు మరి? అతని కుడి మోకాలు మూడేళ్లుగా బూరెలా ఉబ్బి ఉంది. ఆ మూడంతస్తుల మెట్లు ఎక్కేసరికి చిన్నప్పుడు కొట్టిన మాస్టర్లందరూ వరసగా గుర్తొచ్చేవారు.

అయితే అక్కడో చిక్కుంది. సీసాలు మొత్తం తొమ్మిది రకాలు. ఒకటి రెండు రోజులు పులిసింది, ఒకటి నాలుగు రోజులు, ఒకదాంట్లో వేరే బాక్టీరియా, ఇలాగ. వాటి మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు తప్ప ఇంకేమీ రాసి ఉండదు. అంకెలు వేసేదీ, ఏ పరీక్షలో ఏ అంకె వాడాలో చెప్పేదీ కింది అంతస్తువాళ్లే. ఏ అంకె ఏ రకమో రాసిన కాగితం కింది అంతస్తులో ఎవరి బీరువాలోనో, అంటించిన కవరులో ఉంది. చివరిదాకా మేడం కూడా చూడకూడదు. ఇది బాగుండాలి అని మనసులో పడితే కన్ను కూడా అలాగే చూస్తుందనీ, అందుకే ఈ దాపరికమనీ ఆమె చెప్పింది.

బాబాయి లోపల్లోపల నవ్వుకున్నాడు. పెద్ద చదువులవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, సీసాలు కడిగేవాడి దగ్గర దాపరికమేమిటి? నెల రోజులు తిరక్కుండానే అతను గుట్టు పట్టేశాడు. మిగతా అంకెల సీసాలు వారానికొకటి ఖాళీ అయి సింకు దగ్గరికి వస్తుంటే, నాలుగో నంబరు రోజు విడిచి రోజు వస్తోంది. అది అయిపోతే మళ్లీ తయారు చేస్తున్నారు, మళ్లీ అయిపోతోంది. మంచిది కాకపోతే అంతలేసి ఎందుకు వాడతారు? పైగా మిగతావి ముక్కు పగిలే కంపు కొడుతుంటే నాలుగో నంబరు మర్యాదగా ఉంది. మందంటే అలాగే శుద్ధిగా ఉండాలని బాబాయి తీర్మానించేశాడు.

"ఇక్కడ ఏదీ నోట పెట్టరాదు" అని ఎర్రక్షరాల్లో రాసిన కాగితాన్ని ఆ గోడకు అంటించింది అతనే. దాని కింద నిలబడే, ఒక మధ్యాహ్నం, పారబోయమని ఇచ్చిన నాలుగో నంబరు సీసాలోంచి అరగ్లాసు గటగటా తాగేశాడు. తుప్పుపట్టిన మేకులు నానబెట్టిన ఉప్పునీళ్లలా ఉంది. మందు అన్నాక ఆ మాత్రం ఉండదా అనుకున్నాడు. అప్పట్నుంచీ పారబోయమని ఇచ్చిన మిగులులోంచి రోజూ అరగ్లాసు తాగాడు. అవి పరీక్షలకు వాడకుండా మిగిలినవి, ఉడికించి వడగట్టినవి, కాబట్టి ప్రాణం మీదికి రాలేదు. రాకపోవడం అతని తెలివి కాదు, అదృష్టం.

మూడు వారాల్లో మోకాలు దిగింది. నిజంగానే దిగింది. మెట్లు ఎక్కుతూ ఈల వేస్తున్నాడని విద్యార్థులు చెప్పుకున్నారు. ఇంకేముంది, బాబాయి కాళ్లు నేల మీద ఆగలేదు. కొంచెం గుట్టుగా ఉండేవాడైతే కథ ఇక్కడితో అయిపోయేది. కానీ అతని నోట్లో నువ్వుగింజ నానదు, నేరుగా అక్క దగ్గరికి వెళ్లాడు.

అక్క ఉండేది పరిశోధనశాలకు రెండు బస్సుస్టాపుల ఇవతల. రోడ్డు వైపు గదిలో కుట్టుపని, వెనక గదిలో కాపురం. బావ పోయి ఎనిమిదేళ్లయింది, పిల్లల్లేరు. పొడుగైన ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైన జాకెట్లు వదులు చేయడం, చిరిగిన చోట చిరుగు కనిపించకుండా అల్లడం, ఇవన్నీ ఆ వీధిలో ఆమె చేతి మీదుగానే జరగాలి. అయిదేళ్ల కిందట ఆమెకు కీళ్లవాతం పట్టుకుంది. మేడం చెప్పిన ఆ దొంగలేని కేకలు ఆమె వేళ్లలోనే మొదలయ్యాయన్నమాట. వారానికోసారి వేసుకునే మాత్రలతో అది అదుపులో ఉంది. ఆ మాత్రలు వేసుకున్నాక రెండు రోజులు వికారం, తల తిరుగుడు, తిన్నది లోపల నిలవకపోవడం. అయినా వేసుకునేది. వేళ్లు లేకపోతే ఆమెకు ఇంకేముంది?

రెండు స్టాపులే అయినా బాబాయి అక్క ఇంటికి వెళ్లేది ఏడాదికి మూడుసార్లు. గొడవలేమీ లేవు. రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూ ఏళ్లు దొర్లించాడు, అంతే. అలాంటివాడు ఆ రోజు చేతిలో సీసాతో, మొహంలో వెలుగుతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేసరికి అక్క సూది పక్కన పెట్టేసింది. నాచు గురించీ, కాపలా కణాల గురించీ అతను అరగంట ఉపన్యాసం ఇచ్చాడు. మేడం ఇవ్వమన్నారా అని అక్క అడిగితే మాత్రం నీళ్లు నమిలి, వాళ్ల దగ్గరిదేలే అన్నాడు.

అది మొదలు రోజూ పొద్దున్నే ఏడున్నరకు రెండు స్టాపులు ముందే దిగిపోయేవాడు. అక్క అరగ్లాసు తాగి మొహం వికారంగా పెట్టేది, ఆ మొహం చూసి ఇతను పడీపడీ నవ్వేవాడు. తరువాత కబుర్లు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి పట్టుబడింది, నాన్న గొడుగు పోగొట్టి ఆ నేరం పక్కింటివాళ్ల మీదికి తోసింది, అమ్మ కోపం వస్తే గిన్నెలతో మాట్లాడేది, ఎన్నని. ఆఫీసుకు ఆలస్యమవుతోందని లేచినవాడు గుమ్మంలో నిలబడి ఇంకో పావుగంట మాట్లాడేవాడు.

పదిరోజులు తిరిగేసరికి అక్క అసలు మాట ఎత్తింది. "నీ నీళ్లు పనిచేస్తుంటే ఇక ఆ మాత్రలెందుకురా? వారంలో రెండు రోజులు మంచంలోనే పోతున్నాయి. మానేయనా?"

డాక్టరును అడక్కుండా మానొద్దు అని అతను అనాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇరవై రెండేళ్లుగా పరిశోధనలో ఉన్న మనిషిని ఇంట్లోవాళ్లు ఒక సలహా అడగడం అదే మొదటిసారి. బాబాయి ప్యాంటు పైకి లాగి కాలు చాచాడు.

"నా మోకాలు చూడు," అన్నాడు.

ఆమె మాత్రలు మానేసింది.

ఆ తరువాత ఐదు వారాలు బాబాయి గాల్లోనే ఉన్నాడు. ఎలా ఉందక్కా అంటే తగ్గుతోందిరా అనేది. పనిచేసే బల్ల మీద బట్టలు గుట్టగా పేరుకుంటుంటే గిరాకీ పెరిగిందని సంతోషించాడు. ఎదురింటి టీచరమ్మ తన కోటు ఇచ్చి పన్నెండు రోజులైందని గుర్తు చేసి వెళితే, ఈ జనానికి ఓపిక లేదని అక్క తరఫున చిరాకుపడ్డాడు. అక్క ఎప్పుడు చూసినా చేతుల మీద ఏదో ఒక గుడ్డ కప్పుకుని కూర్చుంటోంది. పొద్దుటి చలి అనుకున్నాడు. సీసాలో నీటిబొట్టు కనిపెట్టే కన్ను అది. ఏం లాభం?

ఆ కవరు తెరిచే రోజు రానే వచ్చింది. పదకొండింటికి అందరూ పెద్ద బల్ల చుట్టూ చేరారు. కడిగిన ఫ్లాస్కుల ట్రే పట్టుకుని బాబాయి తలుపు దగ్గర నిలబడ్డాడు, అక్కడ పనేమీ లేకపోయినా. మేడం కవరు చింపి ఒక్కో అంకె ఏ రకమో చదివింది. అన్నింటికంటే గట్టిగా కేకలు తగ్గించింది తొమ్మిదో నంబరు, నాలుగు రోజులు పులిసింది. కణాల కేకలు సగానికి పడిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. మరి నాలుగో నంబరేమిటి, అన్నింటికంటే అదే ఎక్కువ ఖర్చయింది కదా అని ఒకమ్మాయి అడిగింది. బాబాయి మెడ నిటారుగా చేశాడు.

మేడం నవ్వింది. "నాలుగా? అది పులియబెట్టనే లేదు. ఉత్త నాచు ఉడికించి వడగట్టిన నీళ్లు. మిగతావాటి పక్కన పెట్టి పోల్చడానికి ఏ పనీ చేయనిది ఒకటి ఉండాలిగా. ప్రతి పరీక్షలోనూ అది ఉండాలి, అందుకే అంత ఖర్చు."

బాబాయి ట్రే ఎక్కడ పెట్టాడో తెలియదు, సింకు దగ్గరికి ఎలా వచ్చాడో తెలియదు. ఒకే సీసాను అరగంట కడిగాడు. అటుగా వచ్చిన మేడం ఏమైంది బాబాయ్ అని అడిగితే ముందు ఏమీ లేదన్నాడు, తరువాత అంతా కక్కేశాడు. ఆమె కోపం అతను ఎన్నడూ చూడలేదు, ఆ రోజు చూశాడు. గోడ మీది ఎర్రక్షరాలు చూపించి, ఇదేనా మీరు అంటించింది అంది. కాసేపటికి శాంతించి, మోకాలు నిజంగా తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాడు.

"ఆ నెలలో ఇంకేమైనా మారిందా? గుర్తు చేసుకోండి."

గుర్తు చేసుకోవడానికి ఎక్కువ దూరం వెళ్లనక్కర్లేదు. అతను అప్పుడు దాని మీదే కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్లు నిలబడి కడిగిన మనిషికి సరిగ్గా ఆ నెలలోనే సింకు ముందు ఎత్తు పీట వేశారు. బాబాయి పీటను చూశాడు, మోకాలిని చూశాడు. సిగ్గుతో తల దించేసుకున్నాడు.

తొమ్మిదో నంబరైనా మనిషి తాగడానికి పనికిరాదని మేడం చెప్పింది. అది పళ్లెంలో కణాల మాట. పళ్లెం నుంచి మనిషి దాకా బోలెడు ఏళ్లు, బోలెడు పరీక్షలు, సగం దారిలో ఓడిపోయేవే ఎక్కువ. అదంతా చెప్పి, చటుక్కున ఆగింది. ఇంకెవరికైనా ఇచ్చారా అని అడిగింది.

"మా అక్కకి."

"ఆవిడకి ఏం జబ్బు?"

అతను చెప్పాడు. మాత్రలు మానేసిందని కూడా చెప్పాడు. మేడం మొహంలో కోపం పోయి భయం కనిపించింది. ఆ జబ్బులో వాపు దిగొచ్చు గానీ, ఈలోగా అరిగిన కీలు మళ్లీ రాదంది. ఇప్పుడే, ఈ నిమిషమే వెళ్లమంది.

బాబాయి అక్క ఇంటికి మిట్టమధ్యాహ్నం ఎప్పుడూ వెళ్లలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే అక్క బల్ల ముందు నిలబడి, టీచరమ్మ కోటు అంచు కత్తిరించబోతోంది. కత్తెర ఒక పిడిని బల్లకు ఆనించి, రెండో పిడి మీద మోచేయి పెట్టి నొక్కుతోంది. చేతుల మీద గుడ్డ లేదు. కణుపులు ఎర్రగా పొంగి ఉన్నాయి, వేళ్లు ఒకదానికొకటి ఆనకుండా ఎడంగా నిలిచాయి. బాబాయి అక్కడే ఉన్న బట్టల గుట్ట మీద కూలబడ్డాడు.

"అక్కా, నేను తెచ్చినవి ఉత్త నీళ్లే. మందు కాదు, ఏదీ కాదు. నాకేమీ తెలియదే. నేను అక్కడ సీసాలు కడుగుతాను, అంతే."

అక్క కత్తెర వదిలేసి, కుర్చీ లాక్కుని, అతనికి ఎదురుగా కూర్చుంది. ఆశ్చర్యపోలేదు. అదే అతనికి అర్థం కాలేదు.

"తెలుసురా," అంది.

"ఏం తెలుసు?"

"అవి పనిచేయట్లేదని. మాత్రలు మానేసిన రెండో వారానికే తెలిసింది. ఒళ్లు నాది కదా."

"మరి ఎందుకు తాగావే? ఎందుకు చెప్పలేదు నాకు?"

అక్క కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది.

"పనిచేయట్లేదంటే నువ్వు రావడం మానేస్తావు కదరా."

యాభై ఏడేళ్ల మనిషి, విద్యార్థులను గడగడలాడించే మనిషి, వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క అతని తల మీద చేయి వేసింది. నిమరడానికి వేళ్లు వంగలేదు, అరచేయి మాత్రం ఆనించింది. ఆ బరువు తల మీద ఉండగా బాబాయి లెక్క వేసుకున్నాడు. ఎనిమిదేళ్లు, ఏడాదికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా గంట. బావ పోయాక, ఈ సీసా పట్టేదాకా, తన తోడబుట్టినదానితో తను గడిపింది మొత్తం కలిపినా ఒక్క రోజు.

ఆ సాయంత్రమే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టాడు, ఇద్దరూ చేతులు కట్టుకుని విన్నారు. వికారం సంగతి ముందే చెప్పి ఉంటే మోతాదు మార్చేవాడినని అన్నాడు, మార్చాడు కూడా. మూడు నెలలకు వాపు చాలావరకు దిగింది. కుడిచేతి చూపుడువేలు మాత్రం నిటారుగా కాలేదు, ఇక కాదు. అక్క మధ్యవేలితో కత్తెర పట్టడం నేర్చుకుంటోంది, వీధి వీధంతా ఓపిక పడుతోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున ఏడున్నరకు బాబాయి రెండు స్టాపులు ముందే దిగాడు. చేతిలో సీసా లేదు. అది లేకపోయేసరికి చేతులను ఏం చేయాలో తెలియక జేబుల్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్క మంచం మీదే కూర్చుని ఉంది.

"ఏం తెచ్చావురా ఇవాళ?"

"ఏమీ తేలేదక్కా."

"అయితే వచ్చి టీ పెట్టు. నాకు చేతులు రావడం లేదు," అంది.

వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించాడు, నీళ్లు పెట్టాడు. తరువాత చక్కెర కోసం ఒక డబ్బా తీశాడు, ఇంకోటి తీశాడు, పై అరలో చూశాడు, కింది అరలో చూశాడు. తోడబుట్టిన అక్క ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుంటుందో అతనికి తెలియదు. నీళ్లు మరుగుతుంటే, సిగ్గు చంపుకుని, అక్కా, చక్కెర ఎక్కడే అని కేకేశాడు.